మంత్రిగారి అరుగు మీద కషాయం

చిన్న కథ, చిటికెలో అయిపోతుంది. ఇది జరిగిన రాజ్యంలో చిటికెలో అయ్యే పని మరొకటి లేదు. కొత్వాలు మీసం దువ్వుకోవడానికే ఒక పూట పట్టేది. సరే, కథలోకి వద్దాం.

తాగుబోతులు పెళ్ళాంబిడ్డలతో సహా ఉండి, కషాయం తాగి కల్లు మానడానికి అక్కడొక సత్రం ఉండేది. దాన్ని రాజవైద్యుడి చేతినుంచి కొత్వాలుకు మార్చమని మంత్రి ఉత్తర్వు ఇచ్చాడు. ఆ పూటే సత్రంలో పొయ్యి ఆరిపోయింది.

"ఇక మాది కాదు, కొత్వాలుది," అన్నాడు వైద్యుడు.

"ఇంకా మాకు అప్పగించలేదు," అన్నాడు కొత్వాలు.

చేపలమ్మే పైడితల్లి మొగుడితో ఆ సత్రంలోనే ఉంటోంది. కషాయం తప్పితే మొగుడు అప్పన్న మళ్ళీ కల్లుపాకలో తేలతాడు. ఈసారి వాణ్ణి పోనిచ్చేది లేదనుకుంది. సత్రంలో వాళ్ళందరినీ వెంటబెట్టుకెళ్ళి మంత్రిగారి అరుగు మీదే పొయ్యి రాజేసింది.

"ఇదేం పనే?" అని అరిచాడు మంత్రి.

"వైద్యులుగారు వదిలేశారు, కొత్వాలుగారు అందుకోలేదు. మార్చేది తమరే కదా బాబూ! అందాకా మేం తమరి చేతిలోనే ఉన్నట్టు."

లోపల్నుంచి మంత్రి భార్య ముంత పట్టుకుని వచ్చింది.

"అమ్మాయ్, ఇందులోనూ కాస్త కషాయం పోయ్. మా ఇంట్లోనూ ఒకరున్నారు."

సత్రం ఇప్పటికీ కొత్వాలుకు అందలేదు. అప్పన్న కల్లు మానేశాడు. మంత్రిగారూ మానేశారు.