గొంతులు దాచిన కొట్టు

నల్లవాగు అడవిలో ఏనుగులు, దుప్పులు, కొండముచ్చులు, పాలపిట్టలు ఉండేవి. ఒంటినిండా పొలుసులున్న ముసలి అలుగు కూడా ఒకటి ఉండేది. ఆమె పేరు వీరమ్మ.

ఆ అడవిలో ఎప్పుడో మనుషులు వదిలేసి వెళ్లిన బంగళా ఒకటి ఉంది. అందులో ఒక కంప్యూటరు, పైకప్పు మీద సోలార్ పలక మిగిలాయి. వాటితో వీరమ్మ అడవి రేడియో నడిపేది. పొద్దు వాలేసరికి చెట్లకు కట్టిన మైకుల్లోంచి కాలం చేసిన పెద్దల గొంతులు వినిపించేవి. పెద్దేనుగు గౌరమ్మ పిల్లల్ని వాగుకు పిలిచిన పిలుపు వస్తే, గున్న ఏనుగులు మేత ఆపి చెవులు విప్పి నిలబడేవి. వీరమ్మకైతే కళ్లు చెమర్చేవి. గౌరమ్మతో కలిసి వెదురుపొదల్లో తిరిగిన రోజులు గుర్తొచ్చి ఎంత బాగుండేవో అనిపించేది.

ఆ రేడియో కంప్యూటరులో మూడు కంటైనర్లుగా ఉండేది. కంటైనరంటే డబ్బా అనుకోండి. ఒక డబ్బా, విడిగా గొంతులు దాచిన కొట్టును తెరిచేది. ఇంకొకటి ఆ పూటకు కావలసినవి తీసేది. మరొకటి వాటిని మైకులకు పంపేది. కొట్టు తెరిస్తేనే మిగతావాటికి పని.

నల్లటి తెర మీద వీరమ్మ తన పొడవాటి గోరుతో 'అప్' అని కమాండ్ కొట్టేది. మూడు డబ్బాలూ వరసగా లేచేవి. వినడం అయ్యాక 'డౌన్' కొట్టేది. డబ్బాలు మాయమయ్యేవి, కొట్టులోని గొంతులు మాత్రం పదిలంగా ఉండేవి. అయినా ప్రతి అమావాస్యకూ ఆమె వాటికి నకలు తీసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి చీమలపుట్టలో దాచేది.

అది చూసి చిటికెలయ్య పడీపడీ నవ్వేవాడు. చిటికెలయ్య కొండముచ్చు. చకచకా కదిలే వేళ్లున్నాయని వాడికి మహా గర్వం. ఉన్నవాటికి మళ్లీ నకళ్లెందుకని, వీరమ్మత్తకు చాదస్తం ముదిరిందని అడవంతా చెప్పుకు తిరిగేవాడు.

ఒక అమావాస్య దాటాక వాడి నాయనమ్మకు జబ్బు చేసింది. పేలు చూస్తూ ఆమె పాడే జోలపాటను వాడే రికార్డు చేయించి కొట్టులో చేర్పించాడు. ఆ తరవాత ఆమె ఎన్నాళ్లో బతకలేదు. అప్పటి నుంచి వాడు రోజూ సాయంత్రం మైకు కింద చేరి ఆ పాట వినేవాడు. ఆ కాసేపు మాత్రం ఎవరినీ వెక్కిరించేవాడు కాదు.

మళ్లీ అమావాస్య రాకముందే ఒకనాడు తిండి కోసం పుట్ట తవ్వుతుంటే వీరమ్మ గోరు చిట్లింది. 'అప్' ఒక్కటి కొట్టిపెట్టమని ఆమె చిటికెలయ్యను అడిగింది. అంతేనా అనుకున్నాడు వాడు. తన నేర్పు చూపించాలని డబ్బాలను విడివిడిగా లేపాడు. అదీ మైకుల డబ్బాతో మొదలుపెట్టి, కొట్టు డబ్బాను చివరికి ఉంచాడు. మైకులు గుర్రుమన్నాయి గానీ గొంతు రాలేదు. బయట దుప్పులు గుసగుసలాడుకున్నాయి. వాడికి తల కొట్టేసినట్టయింది.

"అంతా ఊడ్చేసి మొదటినుంచీ లేపుతా చూడండి" అంటూ 'డౌన్' కొట్టి, దాని పక్కన 'మైనస్ వీ' తగిలించాడు.

"ఆగు నాయనా, అది కొట్టును కూడా ఊడ్చేస్తుంది" అంది వీరమ్మ.

అప్పటికే వాడి వేలు కీ మీద పడింది. మళ్లీ లేపితే మూడు డబ్బాలూ బుద్ధిగా లేచాయి. కొట్టు మాత్రం ఖాళీ. గున్న ఏనుగులు మైకు వంక చూస్తూ అలాగే నిలబడిపోయాయి.

వీరమ్మ కుంటుకుంటూ చీమలపుట్ట దగ్గరికి వెళ్లి పెన్‌డ్రైవ్ తెచ్చింది. చిట్లిన గోరుతోనే నకలును కొట్టులోకి ఎక్కించి 'అప్' కొట్టింది. గౌరమ్మ పిలుపు అడవంతా మోగింది. గున్నలు తొండాలెత్తి బదులు పలికాయి.

చిటికెలయ్య తన పాట కోసం ఎదురుచూశాడు. ఒక్కొక్కరి గొంతూ వచ్చి వెళ్లింది. మైకులు ఆగిపోయాయి.

"అత్తా, మా నాయనమ్మేదీ?"

"ఇది అమావాస్య నాటి నకలు నాయనా. మీ నాయనమ్మ పాట ఆ తరవాత కదా వచ్చింది."

వాడు అక్కడే చతికిలబడి చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. వీరమ్మ పక్కన కూర్చుని, నీకు గుర్తున్నంత నువ్వే పాడు, దాచుకుందాం అంది. వాడు పాడాడు.

ఇప్పుడు రేడియోను చిటికెలయ్యే లేపుతున్నాడు, ఒక్క వేలితో, నిదానంగా. అమావాస్య వస్తే అందరికన్నా ముందు పుట్ట దగ్గరుంటాడు. సాయంత్రం మైకులో వాడి గొంతుతోనే ఆ జోలపాట వస్తుంది. రెండో చరణం సగంలో ఆగిపోతుంది. అక్కడి నుంచి మాటలు వాడికి గుర్తులేవు.

నీతి: డబ్బా పోతే మళ్లీ చేసుకోవచ్చు, కొట్టులో దాచుకున్నది పోతే తిరిగి రాదు. ఊడ్చే ముందు లోపల ఏముందో చూసుకోవాలి.