పేరు అడగని కాపలాదారు

గోనపురి రాజు రాజశేఖరుడు వేటకు బయలుదేరి గడప దాటబోయాడు. అంతలో వెనక నుంచి “హాఛ్” మని ఒక తుమ్ము.

తుమ్మింది వంటశాల పెద్ద అచ్చక్క. ముప్పై ఏళ్లుగా రాజుగారికి వండిపెడుతున్న మనిషి. పైటచెంగు అడ్డం పెట్టుకునే తుమ్మింది. అయినా అపశకునం అపశకునమే.

రాజు వెనక్కి వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. వేట ఆగింది గానీ కోపం ఆగలేదు.

కోట కాపలా చూసే దళవాయి భీమోజి మీసం దువ్వాడు. “ప్రభూ, తుమ్ము మీ పాలిట శత్రువు. కోటలో ఎవరు తుమ్మినా సరే, పొద్దుగూకేలోగా ఊరు విడిచిపోవాలని శాసనం చేయండి.”

“చేశాను. ఎవరైనా సరే! అచ్చక్కా, నీతోనే మొదలు.”

అచ్చక్క చేతులు జోడించింది. “అలాగే బాబూ. కానీ తుమ్ము శత్రువు కాదు, మీ కాపలాదారు. పోయేలోగా రుజువు చేస్తాను. చేస్తే నా పొయ్యి నాకు వదిలేయాలి.”

రాజు సరేనన్నాడు. దళవాయి పకపకా నవ్వాడు.

“కాపలా అంటే నాదమ్మా! శత్రువుల పేర్లు, ఆనవాళ్లు, పుట్టుమచ్చలతో సహా నా చిట్టాలో ఉన్నాయి. చిట్టా చూడందే ఈగనైనా వదలను.”

“చిట్టాలో లేనివాడొస్తే?”

“లేనివాడు శత్రువెలా అవుతాడు?”

“బాగుంది నాయనా. మధ్యాహ్నం ఒకణ్ణి పంపిస్తాను, పట్టుకో.”

మధ్యాహ్నం కొలువు నిండింది. ద్వారానికి నలుగురేసి భటులు. దళవాయి చిట్టా పట్టుకుని సింహాసనం ముందే నిలబడ్డాడు.

వంటశాలలో చుయ్‌మని చప్పుడైంది. కాగిన నూనెలో గుప్పెడు ఎండుమిరపకాయలు పడ్డాయి. ఆ ఘాటు బల్లేల మధ్య నుంచి దర్జాగా కొలువులోకి నడిచొచ్చింది.

ముందు భటులు తుమ్మారు. తర్వాత పురోహితుడు. దళవాయి ముక్కు నలుపుకున్నాడు, బుగ్గలు పూరించాడు, చివరికి తలపాగా ఎగిరిపడేలా తుమ్మాడు. రాజుగారి కళ్ల వెంట ధారలు. ఆయన ఏకంగా ఏడుసార్లు తుమ్మాడు.

అచ్చక్క గరిటెతోనే వచ్చింది. “దళవాయిగారూ, పరాయివాడు లోపలికొచ్చాడు. చిట్టాలో చూశారా?”

“ఇది... వట్టి పొగ! దీని పేరు ఎవరు రాసుకుంటారు?”

“మీరు ఎరిగినవాణ్ణే ఆపుతారు. రాజుగారి ముక్కు పేరూ ఊరూ అడగదు. పొగైనా, దుమ్మైనా, కంటికి కనబడని రోగమైనా పరాయిదైతే చాలు, బయటికి విసిరికొడుతుంది. కన్నయితే నీళ్లతో కడిగేస్తుంది. చర్మం అసలు గడపే తొక్కనివ్వదు. నోట్లోంచి లోపలికి జారిపోయినదాని సంగతి కడుపులో పులుపు చూసుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ వీళ్లలో ఒక్కరూ ఒక్క పూట సెలవడగలేదు.”

రాజు కళ్లు తుడుచుకున్నాడు. “నిజమే. కానీ శాసనం చేసేశానే అచ్చక్కా, ఇప్పుడెలా?”

“ఏముంది బాబూ, పొద్దుగూకేలోగా తమరూ దళవాయిగారూ మూటలు సర్దుకోండి. దారిలోకి పులిహోర నేను కట్టిస్తాను.”

కొలువంతా గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా రాజే నవ్వాడు. శాసనం అక్కడే రద్దు చేసి, తన పట్టుశాలువా తీసి అచ్చక్క భుజాన కప్పాడు.

“భీమోజీ, కాపలాదారుల పట్టీలో నీ పేరుకి పైన నా ముక్కు పేరు రాయి.”

రాయబోతూ దళవాయి మళ్లీ తుమ్మాడు.

ఈసారి “చిరంజీవ!” అన్నది రాజే.