మూతి కట్టిన కుండ

పదకొండేళ్ళు ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నా చెంగల్రాయుడికి ఒక అనుమానం మాత్రం తీరలేదు. గురువు అన్నీ నేర్పి, అసలుదొకటి దాచిపెట్టాడని.

గురువు కోదండయ్యది కలంకారీ పని. వెదురు కలంతో బట్ట మీద బొమ్మలు వేసేవాడు. ఆయన వేసే నలుపు ఆ చుట్టుపక్కల ఇంకెవరి చేతికీ రాదని పేరు. పాత మేకులు, ఇనుప ముక్కలు, తాటిబెల్లం నీళ్ళలో వేసి ఇరవై రోజులు మాగబెడితే నల్లరంగు వేసే నీళ్ళు తయారవుతాయి. వాటిని కసిం అంటారు. ఆ కసిం కుండలు వెనక వసారాలో రెండుండేవి. ఒకటి తెరిచి ఉండేది. రెండోదాని మూతికి ఎప్పుడూ గుడ్డ కట్టి ఉండేది.

ఆ గుడ్డ ఎందుకు కట్టినట్టు? రాయుడి అనుమానమంతా అక్కడే.

రాయుడి వంతు బట్ట పని. కొత్త తాను తెచ్చి, ఏట్లో వేసి బాది, దాని గంజంతా వదలగొట్టి, ఇసుకలో ఆరబెట్టి, ఆపైన గేదెపాలూ కరక్కాయ రసమూ పట్టించాలి. కలం కూడా పట్టేవాడు. ఆకులు వేసేవాడు, అంచులు వేసేవాడు. ముఖాలు మాత్రం గురువు ఇంకా అతని చేతికివ్వలేదు.

సుగుణ అతని తరవాత వచ్చింది, అతని కంటే ముందు వెళ్ళిపోయింది. నాలుగేళ్ళు నేర్చుకుని పట్నం చేరింది. వెళ్ళేనాటికి ముఖాలు కూడా వేస్తోంది.

ఒక రోజు ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తన బట్ట పట్నంలో ఒక బొమ్మల హాల్లో వేలాడదీశారట. గురువుగారూ రాయుడన్నా తప్పకుండా రావాలట. వచ్చేటప్పుడు ఒక సీసా కసిం తెమ్మని చివర్లో రాసింది. ఉత్తరంతో పాటు ఒక రంగుల కాగితం ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో 'ప్రవేశం ఉచితం' అని వేశారు.

రాయుడు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సామీ, ఇదేందో తేడాగా ఉంది."

"ఏముంది తేడా?"

"ఏసీ పెట్టి, లైట్లేసి, ఊరికే ఎవరు చూపిస్తారు సామీ? సినిమా హాలోడు చూపిస్తాడా?"

"గుళ్ళో చూపిస్తారు గదా."

"గుళ్ళో హుండీ ఉంటాది."

కోదండయ్య నవ్వాడు. "సరే, పోదాం. హుండీ ఎక్కడ పెట్టినారో నువ్వే కనిపెడుదువు గానీ."

ప్రయాణం నాటి పొద్దున రాయుడు రెండు పనులు చేశాడు. గంజి పెట్టి ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా వేసుకున్నాడు. తన కలాలన్నీ పాతగుడ్డలో చుట్టి, టిఫిను డబ్బా కింద, ఇద్దరికీ ఉన్న ఒకే సంచి అడుగున పెట్టాడు. అక్కడికి పోయి సుగుణ వేసిన నలుపు చూడాలి. అది గనక గురువు నలుపే అయితే, ఆయన ఆమెకిచ్చి తనకు దాచినట్టే. ఇక ఈ ఇంటికి తిరిగి రాకూడదు. పట్నంలోనే ఏ బోర్డులు రాసే పనో చూసుకోవాలి. అదీ అతని నిర్ణయం.

అంతలో గురువు వచ్చి కసిం సీసా తనే సంచిలో పెట్టాడు. రాయుడు వసారాలోకి తొంగిచూశాడు. మూతి కట్టిన కుండకు గుడ్డ కొత్తగా ముడివేసి ఉంది.

బస్సులో అతను సంచిని ఒళ్ళోంచి దించలేదు.

బస్టాండులో పెద్ద గడియారం కింద నిలబడి ఉంటానని సుగుణ రాసింది. రాయుడు గురువును వెనక గేటు వైపు నడిపించాడు.

"ఇటెందుకబ్బా?"

"ఎదురొచ్చి తీసకపొయ్యేదెందుకు సామీ? మనం ముందేం చూడాలో, ఏం చూడకూడదో ఆ యమ్మే చెప్పేదానికి. మనమే పోయి చూస్తే ఉన్నదున్నట్టు కనపడతాది."

కోదండయ్య ఆటో ఎక్కాడు.

అది ఒకప్పటి బియ్యం గిడ్డంగుల వీధి. ఇప్పుడు గిడ్డంగుల్లో బియ్యం లేదు, బొమ్మలున్నాయి. గోడల నిండా రంగులు, మూలమూలకీ కాఫీ అంగళ్ళు. సుగుణ రాసిన నంబరున్న హాలు ముందు గురువు చెప్పులు విడిచాడు. రాయుడూ విడిచాడు.

తలుపు దగ్గర కుర్చీలో ఉన్న కాపలా ఆయన లేచాడు. "చెప్పులతోనే రావచ్చు సామీ. ఇక్కడ ఎవరూ విడవరు."

ఎవరూ విడవరంటే, విడిచినవాటిని ఎవరో ఎత్తుకుపోతారన్నమాట. రాయుడు తన చెప్పులూ గురువు చెప్పులూ కాగితంలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఈ పుస్తకంలో పేరూ, ఊరూ, ఫోను నంబరూ రాయండన్నా," అన్నాడు కాపలా ఆయన.

రాయుడు గురువు చెవిలో గొణిగాడు. "దొరికింది సామీ. హుండీ ఇదే."

కోదండయ్య తన పేరు గుండ్రంగా రాశాడు. రాయుడు రాయలేదు.

మొదటి గదిలో విరిగిన కుర్చీ ఒకటి తాడుకు వేలాడుతోంది. రెండో గదిలో తెల్లగోడ మీద బల్బు వెలుగు తప్ప ఏమీ లేదు. రాయుడు గోడ పక్కకు వెళ్ళి చూశాడు, వెనక ఏదైనా ఉందేమోనని.

"ఏముందన్నా ఇందులో?" అని కాపలా ఆయన్ని అడిగాడు.

"నాకూ తెలీదు. నాది సూళ్ళూరుపేట. వచ్చినోళ్ళలో కొందరు గంటసేపు నిలబడతారు. కొందరు ఫోటో దిగి పోతారు. నేనైతే మధ్యాహ్నం ఇక్కడే అన్నం తింటాను, చల్లగా ఉంటాది."

మూడో గదిలో సుగుణ బట్ట ఉంది.

పైకప్పు నుంచి నేల దాకా ఒకటే బట్ట. అందులో ఎండిపోయిన ఏరు. ఏటి నిండా లారీ చక్రాల జాడలు. ఆ ఇసుకలో తెల్లటి తాను పరిచి, నీళ్ళు వస్తాయేమోనని ఎగువకు చూస్తూ నిలబడ్డ ఒక మనిషి. వీపు మాత్రమే కనబడుతుంది. ఆ మనిషి జుట్టు, ఆ చక్రాల జాడలు, దూరంగా కాకులు, అన్నీ నలుపు. తడి ఆరని కాటుక లాంటి నలుపు.

రాయుడి చంకలోంచి చెప్పులు కిందపడ్డాయి.

"మన నలుపే," అన్నాడు.

కోదండయ్య నేల మీద చతికిలబడి బొమ్మను చూస్తున్నాడు. పక్కన గోడకు చిన్న అట్ట అంటించి ఉంది, ఇంగ్లీషులో. "దీంట్లో ఏం రాసినారు?" అన్నాడు రాయుడు.

కాపలా ఆయనకు ఆ అట్ట నోటికొచ్చు. అందరూ అడిగేదే. "గీసింది సుగుణ. నలుపు కోదండయ్యగారి కుండలోది. బట్ట చెంగల్రాయుడిది."

రాయుడి ముఖం ఎర్రబడింది.

"నా పేరెందుకేసింది? ఎవుర్నడిగి ఏసింది? రేపు ఈ రంగు దిగిపోతే, బట్ట సరిగా లేదు, వాడే చేసినాడని నా మీదికి తొయ్యడానికి గదా?"

"ఆ బట్ట నువ్వు పాలు పట్టిందే," అన్నాడు కోదండయ్య. "పోయేటప్పుడు నేనే ఇచ్చినాను."

"బట్ట నాది! మరి నలుపు? నలుపు ఆమెకిచ్చినారు, నాకియ్యలేదు. పదకొండేండ్లు సామీ! ఆ మూతి కట్టిన కుండలో ఏం కలిపినారో ఒక్కనాడైనా చెప్పినారా?"

"ఈగలు పడకుండా గదబ్బా, గుడ్డ కట్టింది."

"ఈగలా? నన్ను పిచ్చోణ్ణి చెయ్యొద్దు సామీ. మీరు తిరుమలకు పోయిన రోజు నేను ఆ గుడ్డ విప్పినాను. గిన్నెడు ముంచుకుని ఇంటికి తీసకపొయ్యి రాసి చూసినాను. నాకు బూడిద రంగే వచ్చింది! అంటే పైన ఇంకేదో కలుపుతారనే గదా?"

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. కాపలా ఆయన మెల్లగా పక్కకు తిరిగి నిలబడ్డాడు.

కోదండయ్య కోప్పడలేదు. ఒక్క మాట అడిగాడు.

"ఏ బట్ట మీద రాసినావు?"

"అంగట్లో కొత్తది కొన్నాను. మీరొచ్చేలోపల కావాల గదా. సాయంత్రం కరక్కాయ నీళ్ళలో ఒక ముంపు ముంచి..."

కోదండయ్య సంచి దగ్గరికి లాక్కున్నాడు. సీసా కోసం అడుగు దాకా చెయ్యి పెట్టాడు. సీసాతో పాటు గుడ్డమూట కూడా చేతికొచ్చింది. విప్పాడు. రాయుడి కలాలన్నీ ఉన్నాయి, సన్నవీ లావువీ, ఒక్కటీ వదలకుండా.

ఆయన వాటిని కొంచెంసేపు చూశాడు. ఇవెందుకు తెచ్చావని అడగలేదు. వాటిలో ఒకటి తీసుకుని, సీసా మూత విప్పి ముంచాడు.

"సామీ, సామీ! ఇక్కడ మరకలు పడకూడదు!" కాపలా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"నీ గచ్చు మీద పడదులే నాయనా."

ముందుకు వంగి, రాయుడి తెల్లచొక్కా మీద, గుండెకు కాస్త కిందగా, ఒక చుక్క పెట్టాడు. చుక్క గంజితో బిగుసుకున్న బట్ట మీద పూసలా నిలబడి, మెల్లగా ఇంకి, వెలిసిన తుప్పు రంగుకు తిరిగింది.

అదే కలంతో, మళ్ళీ ముంచకుండా, తన భుజం మీది తుండు కొస మీద ఇంకో చుక్క పెట్టాడు. ఆ తుండు పసుపు తిరిగిన పాతముక్క. ఎన్నోసార్లు ఏట్లో బాదింది, పాలు తాగింది. దగ్గరికి వస్తే ఇంకా కరక్కాయ వాసనే. రాయుడు పాలు పట్టించిన తానులో మిగిలిన ముక్క అది.

చుక్క పడీ పడకముందే నల్లబడింది.

రాయుడు ఆ చుక్కను చూశాడు. తల వంచి తన చొక్కా చూసుకున్నాడు. ఎదురుగా ఏట్లో తాను పరుచుకుని నిలబడ్డ మనిషి వీపు చూశాడు. చాలాసేపు చూశాడు.

కోదండయ్య కలం తుడిచి, మూటలో పెట్టి, ముడివేసి రాయుడి చేతిలో పెట్టాడు.

"ఆరింటికి ఒక బస్సుంది," అన్నాడు. "నేను దాంట్లో పోతాను. నువ్వెట్లా అంటే అట్లా."

అప్పుడే సుగుణ రొప్పుతూ లోపలికొచ్చింది. "ఏందన్నా ఇది! గడియారం కింద గంటసేపు నిలబడినాను. మైకులో కూడా మీ పేర్లు పిలిపించినాను!" వంగి గురువు కాళ్ళకు దండం పెట్టింది. "అన్నా, నువ్వు చూసినావా? వీపు నీదే. ముఖం వెయ్యాలంటే నువ్వొచ్చి కూర్చోవాల. నువ్వు లేకుండా నాకు కుదరలేదు."

రాయుడు మూటను గురువు ఇంటికి తీసుకుపోయే సంచిలో, టిఫిను డబ్బా కింద, పొద్దున పెట్టిన చోటే పెట్టాడు. కసిం సీసా తీసి రెండు చేతులా సుగుణకిచ్చాడు.

ఆమె కళ్ళు చొక్కా మీద పడ్డాయి. "అయ్యో, ఇస్త్రీ చొక్కా గదన్నా! నిమ్మకాయ రుద్దితే పోతాది, పక్కంగట్లో తెచ్చేదా?"

"వద్దులేమ్మా," అన్నాడు చెంగల్రాయుడు, ఆ మరకను వేలితో తడుముతూ. "ముందు దీని గంజి వదలాల."