బెంచీ మీద మనిషి

గేదెల పైడితల్లికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆసుపత్రి మంచం మీద కూడా పక్కన పిల్ల పట్టేంత చోటు వదిలి పడుకుంటుంది. మూర్ఛలొచ్చే తల్లికి పిల్లనెలా ఇస్తామని అత్తింటివారు రెండేళ్ల పాపను తమ దగ్గరే అట్టేపెట్టుకున్నారు. ఆ పిల్ల తల్లి చెవి పట్టుకుంటే గాని నిద్రపోదు. ఇప్పుడెవరి చెవి పట్టుకుంటోందో!

పైడితల్లి తలలో గడ్డ ఉంది. తీయించడానికి మొగుడు సింహాచలం ఒప్పుకోడు.

"పెరగని గడ్డ మీకేటి సేసింది? దీనిది నోటి వేడి. నోరు తగ్గిస్తే మూర్ఛలూ తగ్గుతాయి" అన్నాడు డాక్టర్లతో.

"పడిపోతే మీయమ్మ ఇనప తాళాలు నా సేతిలో ఎడతాది, లేసేసరికి లాగేసుకుంటాది. ఆ ఇల్లు నాదయ్యేది ఆ కాసేపే" అంది పైడితల్లి. వార్డంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నోటి వల్లే ఇదంతా వచ్చిందేమోనని ఆమెకూ లోలోపల భయమే.

సాయంత్రం పెద్ద డాక్టరు అరుంధతి, శిష్యురాలు హైమ ఆమె మంచం దగ్గరికొచ్చారు.

"మేడం, మూర్ఛంటే మెదడులో కరెంటు చెలరేగడం కదా. గడ్డలో కరెంటే పుట్టదే! మరి ఎక్కణ్ణించి వస్తుంది?" అని హైమ అడిగింది.

అరుంధతి జవాబు చెప్పకుండా వరండాకేసి చూపించింది. పైడితల్లీ అటే చూసింది.

అక్కడ బెంచీ మీద సింహాచలం బారుగా పడుకొని, నిద్రలోనే కాళ్లు జాడిస్తున్నాడు. అంతవరకూ ఆ బెంచీ నడుమ కూచుని "ఊరుకోండే, సర్దుకోండే" అని అందర్నీ చల్లబరిచే ముసలమ్మ, చోటులేక మెట్లమీదికి పోయింది. చివర ఇరుక్కున్న ఆడవాళ్లు మోచెయ్యి తగిలిందనీ, క్యారియరు ఒలికిందనీ జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. ఆయా పరుగెత్తుకొచ్చి, "ఏం నోళ్లే మీవి! బయటికి నడవండి!" అని వాళ్లనే గదిమింది. సింహాచలం అటు తిరిగి పడుకున్నాడు.

"అరిచిందెవరు?" అంది అరుంధతి.

"ఆడవాళ్లు."

"లేపాల్సిందెవర్ని?"

హైమ చూపు సింహాచలం మీంచి పైడితల్లి తల మీదికి మళ్లింది.

"అమ్మా," అంది పైడితల్లి మెల్లగా, "ఆ గడ్డ తీసేస్తే నా తల ఊరుకుంటాదా?"

"వెంటనే ఊరుకోకపోవచ్చు. కొన్నాళ్లు మాత్రలు వాడాలి. అన్నాళ్లు ఇరుకులో బతికినవాళ్లకి, చోటిచ్చినా కుదురుకోడానికి టైము పడుతుందమ్మా" అంది అరుంధతి.

ఆపరేషన్ కాగితం మీద పైడితల్లే సంతకం పెట్టింది. గడ్డ తీశాక, కొన్నాళ్లకి మూర్ఛలూ ఆగాక అత్తింటికెళ్లి, పాపను చంకనేసుకొని పుట్టింటి బస్సెక్కింది.