జేబులో ఉన్నట్టే తెలియని కత్తి

గుమ్మిడివలసలో తెలివి ఎవరిదని బూరాడ వారింట అడిగితే, మాదే అంటారు. అడగకపోయినా అంటారు. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు: అన్న పైడయ్య, అతని భార్య నూకాలు, తమ్ముడు సింహాచలం. ముగ్గురిలోనూ పైడయ్య ఒక మెట్టు పైన. ఆ ఏడు ఎండలకి ఊరంతా విసనకర్రలు పట్టుకుని కూర్చుంది గాని, అసలు వేడి ఎటునుంచి వస్తోందని ఆలోచించింది అతనొక్కడే. వేడి పైనుంచి వస్తోంది. పైన ఉన్నదేమిటి? ఇంటి కప్పు. అంతే, అన్నదమ్ములిద్దరూ నిచ్చెన వేసుకుని తాటాకు కప్పంతా పీకేశారు. సాయంత్రం గాలి తిరిగేసరికి పైడయ్య, "చూశారా, కప్పు తియ్యగానే ఎంత చల్లబడిందో" అన్నాడు. పీకిన ఆకు నూకాలు పొయ్యిలోకి పనికొచ్చింది.

ఆకంతా కాలిపోయాక నూకాలుకి ఒక అనుమానం వచ్చింది. "మావా, వానొస్తే ఏటి చేద్దాం?"

తెలివిగలవాడు తెలియనిదానికి జవాబు చెప్పడు. కాని ఆ మాట మాత్రం పైడయ్యకి ముల్లులా దిగింది. వానలు నెల రోజుల్లో ఉన్నాయి. నెత్తిమీద ఆకాశం తప్ప మరేమీ లేదు.

సరిగ్గా అప్పుడే జగ్గరాజుగారు కబురుపెట్టారు. ఆయనకి ఊరి చివర సువర్ణరేఖ మామిడితోట ఉంది. తోటలో కాపలావాడు ఉండడానికి పెంకుటిల్లు ఉంది. కాపలావాడే లేడు.

"గురువారం విశాఖపట్నం నుంచి షావుకారు వస్తాడురా" అన్నారు రాజుగారు. "కాయ కోసి లోపల చూపించాలి. టెంక ముదిరిందా, కండ పసుపు తిరిగిందా అని కళ్ళారా చూసుకున్నాకే బేరం. అందుకని తోటలో తిరిగేవాడి జేబులో రోజూ ఒక మడతకత్తి ఉండాలి. ఈ ఎండల్లో బరువు మోసుకుని తిరగలేవు, తేలికపాటిది చూసి కొనుక్కో. ఆ రోజు సరిగ్గా కోసి చూపించావా, కాపలా నీదే, పెంకుటిల్లూ నీదే. లేకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటాను."

పెంకుటిల్లు అనగానే పైడయ్యకి పెంకుల మీద వానచినుకుల చప్పుడు వినపడింది. సోమవారం సంతకి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బయలుదేరాడు.

సంతలో కత్తులమ్మేది గంగులు అనే పెద్దాయన. ఓపికమంతుడు. మూడు కత్తులు గోనెపట్టా మీద పరిచి, పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఇది కొమ్ముపిడి. చూడ్డానికి బాగుంటుంది, కాని బరువు. ఇది ఇనుముది. చవకే, కాని మామిడి సొన తగిలితే నల్లబడి తుప్పు పడుతుంది. ఇదిగో, ఇది స్టీలు. కోసే అలుగు నాలుగు వేళ్ళంత, పిడి చెక్కది. తెరిస్తే ఈ మీట పడుతుంది, మీట నొక్కితే గాని ముడుచుకోదు, కాబట్టి నీ వేళ్ళు నీకే ఉంటాయి. తేలికంటావా, జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలీదు."

"ఉన్నట్టే తెలీదా?"

"తెలీదు నాయనా."

పైడయ్య దాన్ని నిక్కరు జేబులో వేసుకున్నాడు. ఉల్లిపాయల గుట్టల చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. "తెలుస్తోంది" అన్నాడు.

"ఏం తెలుస్తోంది?"

"కత్తి ఉన్నట్టు."

గంగులు నవ్వాడు. "ఇప్పుడే కదా వేసుకున్నావు. కాసేపు తిరిగితే మరిచిపోతావు."

పైడయ్య మరిచిపోవడానికి మళ్ళీ బయలుదేరాడు. "కత్తిని మరిచిపోవాలి, కత్తిని మరిచిపోవాలి" అని వల్లించుకుంటూ ఉల్లిపాయలు దాటాడు, ఎండుచేపలు దాటాడు. అన్న ఎక్కడ పరాకున పడతాడో అని సింహాచలం పక్కనే నడుస్తూ పది అడుగులకొకసారి అడుగుతున్నాడు.

"అన్నా, మరిచిపోయావా?"

"ఏది?"

"కత్తిని."

"ఇంకా లేదురా."

మూడు చుట్లయ్యాయి. మిగతా రెండు కత్తులూ జేబులో వేసుకుని చూశాడు. అవీ తెలుస్తున్నాయి. గంగులు చెమట తుడుచుకుని, "కొంటే కొనుక్కో, లేకపోతే నా కత్తులు నాకిచ్చెయ్యి. పొద్దున్నుంచి ఇంకో బేరం రాలేదు" అన్నాడు. చేసేదిలేక స్టీలుదే కొన్నారు. దారిపొడుగునా పైడయ్య మొహం వేలాడేసుకునే ఉన్నాడు. ఉన్నట్టు తెలిసే కత్తితో ఉద్యోగం వస్తుందా?

నూకాలు విషయమంతా వింది. "ఏటి మావా, నీ చేత్తో నువ్వే వేసుకుంటే తెలీకుండా ఎలాగుంటది? నీకు తెలీకుండా నేనేస్తాను" అంది.

ఇంకేముంది, ఆ ఇంట్లో తెలివికి లోటెక్కడ? మంగళవారం పైడయ్య గోడవైపు తిరిగి నిలబడితే, నూకాలు దండెం మీది నిక్కరులో కత్తి వేసి అందించింది. నాలుగడుగులు వేసేసరికి కుడి తొడకి టకటకమని తగిలింది. తెలిసిపోయింది.

ఈసారి ఉపాయం సింహాచలానిది. "వదినా, ఒక్కటే ఉంటే తెలుస్తుంది. దాంతోపాటు ఇంకా ఉంటే ఏది కత్తో, ఏది కాదో ఎవడికి తెలుస్తుంది?" అంతే, ఊరి పక్క పారే గెడ్డలోంచి గులకరాళ్ళు ఏరుకొచ్చారు. బుధవారం రెండు జేబుల నిండా రాళ్ళు, ఆ రాళ్ళలో ఎక్కడో కత్తి. పైడయ్య నిక్కరు జారిపోకుండా రెండు చేతులా పట్టుకుని, చెమటలు కక్కుకుంటూ తోట చుట్టూ తిరిగాడు. ఎదురొచ్చిన ఒకాయన ఆగి, "ఏటి పైడయ్యా అంత బరువు మోస్తున్నావు?" అని అడిగాడు.

"తేలికపాటి కత్తి బాబూ. ఉందో లేదో కూడా తెలీడం లేదు" అన్నాడు పైడయ్య సంతోషంగా.

గురువారం షావుకారు వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి చెప్పులు, మాట తక్కువ మనిషి. చెట్టుమీద ఒకడు కాయలు కోసి బుట్ట నింపుతున్నాడు. బుట్టకి కట్టిన తాడు కొమ్మ మీదుగా వచ్చి కింద మానుకి చుట్టి ఉంది. రాజుగారు ఒక కాయ తెంపి, రాళ్ళ జేబులతో నిలబడ్డ పైడయ్యతో, "ఏరా, కత్తి తెచ్చావా?" అన్నారు.

"తెలీదండి."

"తెలీకపోవడమేమిట్రా? జేబులో చెయ్యి పెట్టి చూడు."

"చెయ్యి పెడితే తెలిసిపోతుందండి. తెలీకుండా చేసుకోడానికి మూడు రోజులు పట్టింది."

షావుకారు రాజుగారి వైపు చూశాడు. రాజుగారు ఆకాశం వైపు చూశారు. ఆయన మొహం ఎర్రబడుతుంటే పైడయ్యకి పెంకుటిల్లు ఒక్కొక్క పెంకే ఊడి పోతున్నట్టనిపించింది. అప్పుడు సింహాచలం ముందుకొచ్చాడు. "అన్నా, నువ్వు కళ్ళు మూసుకో. నేను తీసి చేతిలో పెడతాను. నువ్వు చూడకుండా కోసేస్తే నీకు తెలీదు కదా."

అన్నకంటే తమ్ముడే నయం. పైడయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సింహాచలం ఒక్కొక్క రాయీ తీసి షావుకారు చెప్పుల దగ్గర గుట్టపోశాడు. ఇరవయ్యో ఇరవయ్యొకటో రాయి తరవాత కత్తి వచ్చింది. తెరిచి అన్న చేతిలో పెట్టాడు.

"ఏం పెట్టావో చెప్పకు" అన్నాడు పైడయ్య.

"చెప్పను. కుడిపక్కకి రా. ఇంకొంచెం. కాయ రాజుగారి చేతిలో ఉంది."

రాజుగారు కాయ అక్కడే పడేసి నాలుగడుగులు వెనక్కి వేశారు. పైడయ్య తడుముకుంటూ వెళ్ళి మానుని పట్టుకున్నాడు. బిగుసుకున్న తాడు వేళ్ళకి తగిలింది. "తొడిమ దొరికింది" అన్నాడు. కత్తి మంచిదే, గంగులు అబద్ధం చెప్పలేదు. ఒక్క కోతకి తెగింది.

పైనుంచి బుట్టెడు మామిడికాయలూ ధబేలున దిగాయి. సగం కాయలు షావుకారు కాళ్ళ చుట్టూ పగిలి పరుచుకున్నాయి. పైడయ్య కళ్ళు తెరవలేదు. ఆ చప్పుడుతో ఇల్లు పోయిందని తెలిసింది, ఇంక చూడడమెందుకని.

షావుకారు వంగి ఒక పగిలిన కాయ తీశాడు. టెంక గోటితో నొక్కాడు. ఇంకోటి తీశాడు. మరోటి తీసి కొరికాడు. "రాజుగారూ," అన్నాడు మెల్లిగా, "ఎవరైనా ఒక్క మంచికాయ ఏరి కోసి చూపిస్తారు. బుట్టెడూ విప్పి చూపించినవాణ్ణి ఇదే చూడ్డం. తోటంతా తీసుకుంటాను. లారీ రేపే పంపుతాను."

మాట మాటే. రాజుగారు పెంకుటింటి తాళం పైడయ్య చేతిలో పెట్టారు. పెట్టి, ఇలాంటివాడికి విడమరిచి చెప్పాలని గట్టిగా చెప్పారు. "కోసిన కాయంతా గుట్టపోయించాను. దొంగల కాలం. ఇందులోంచి ఒక్క కాయ ఈ గేటు దాటిందంటే ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే. ఎవడొచ్చి అడిగినా సరే, ఆఖరికి నేనే వచ్చి అడిగినా సరే."

మర్నాడు లారీ వచ్చింది, కాయలన్నీ ఎక్కించుకుంది, తిరిగి గేటు దగ్గరికి వచ్చింది. గేటుకి అడ్డంగా పైడయ్య నిలబడ్డాడు. డ్రైవరు బతిమాలాడు, తిట్టాడు, చివరికి రాజుగారికి కబురు పంపాడు. రాజుగారు రొప్పుకుంటూ వచ్చారు.

"దారి ఇవ్వరా, అమ్మేసిన కాయలవి."

"మీరొచ్చి అడిగినా వద్దన్నారు కదండీ. దాటితే ఇల్లు పోతుంది."

"వద్దన్నవాణ్ణి నేనే కదరా."

"నిన్నటి మీరు వేరేలా చెప్పారండి. నాకు ఇల్లిచ్చింది నిన్నటి మీరు."

రాజుగారు గట్టుమీద కూలబడ్డారు. ఎండ ముదురుతోంది, లారీలో కాయలు మగ్గుతున్నాయి. పెంకుటిల్లు తుడుస్తున్న నూకాలు చీపురుతోనే బయటికి వచ్చి, సంగతి విని, ఇంతమంది మగాళ్ళు ఇంత చిన్నదానికి తలలు పట్టుకున్నారేమిటని ఆశ్చర్యపోయింది.

"కాయలు గేటు దాటకూడదు, అంతే కదా" అంది. "గేటు ఎప్పుడూ కాయలకంటే ముందుండేలా చూసుకోండి."

ఇంకేముంది, అన్నదమ్ములు గేటుని బందుల్లోంచి ఊడబీకి భుజాలకెత్తుకుని, లారీకి ముందు నడక సాగించారు. గేటు ముందు, కాయలు వెనక. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి మానేశాడు. ఒక్క కాయ కూడా గేటు దాటలేదు. పైడయ్య మాటిమాటికీ వెనక్కి తిరిగి లెక్కగా చూసుకుంటూనే ఉన్నాడు. గేటుకి వెనకున్నదంతా తోటే కాబట్టి, కాపలా బాధ్యత కూడా పెరిగింది.

అందుకని విశాఖపట్నం రోడ్డు మీద ఎదురొచ్చిన ప్రతి సైకిలునీ, ప్రతి బస్సునీ ఆపి, గేటు కిందికి దించి, మర్యాదగానే అడిగాడు పైడయ్య.

"ఎవరు బాబూ మీరు? తోటలో ఏం పని?"