వైజయంతి అడిగిన సాయం

తెనాలిలో నాట్యం నేర్పే కస్తూరమ్మను శిష్యురాలు దీపాళి ఒక సాయంత్రం ఇలా అడిగింది: “అమ్మా, మన సహాయనిధికి ఉత్తరం రాసిన ప్రతివాళ్ళకీ ఇచ్చేయమంటున్నారు మీరు. నిజంగా కష్టంలో ఉన్నారో లేదో తెలుసుకోవద్దా?”

ఊళ్లోని ట్రాన్స్, గే కళాకారులు తమలో పని దొరకనివాళ్ళను ఆదుకోవడానికి తలా కొంత వేసుకుని నడుపుకుంటున్న నిధి అది. ఆ బాధ్యత కొత్తగా దీపాళి చేతికొచ్చింది. జవాబుగా కస్తూరమ్మ వైజయంతి సంగతి చెప్పింది.

కస్తూరమ్మ, వైజయంతి ఇద్దరూ ట్రాన్స్ మహిళలే, ఒకే నాటక సమాజంలో పెరిగినవాళ్ళు. వైజయంతి రాణి వేషం కడితే జనం ఈలలు మానేసి వినేవారు. అలాంటి మనిషికి కాళ్ళు నీరుపట్టి స్టేజీ ఎక్కలేని రోజొచ్చింది. పిలుపులు ఆగిపోయాయి. సాయం కావాలని నిధికి రెండే వాక్యాలు రాసింది. నిధి సభ్యులందరి ముందుకూ వచ్చి కష్టం చెప్పుకోవాలన్నారు. ఆ నియమం పెట్టింది అప్పట్లో నిధి చూసుకుంటున్న కస్తూరమ్మే.

ఆదివారం వైజయంతి గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. ఇంట్లోంచి ఎప్పుడు గెంటేశారని ఒకరడిగారు. పొద్దున ఏం తిన్నావని ఇంకొకరు. వైజయంతి తల ఎత్తి అందరి వైపూ చూసింది.

“వేషం వేసి ఏడవమనండి, ఎంతసేపైనా ఏడుస్తాను. నా బతుకునే ఆడి చూపించమంటే మాత్రం నావల్ల కాదు,” అని లేచి, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

వెంట వెళ్దామని కస్తూరమ్మకు అనిపించింది. పెట్టిన నియమం తానే తప్పితే ఎలా అని కూర్చుండిపోయింది. గురువారానికి మనసు ఆగక డబ్బు తీసుకుని వెళితే గదికి తాళం వేసి ఉంది. అద్దె ఇవ్వలేదని ఇంటాయన ఖాళీ చేయించాడట. వెతగ్గా వెతగ్గా మూడు వారాలకు పక్క ఊరి ఆస్పత్రిలో, శవాల గదిలో కనిపించింది. ఆమెకివ్వడానికి తీసుకెళ్ళిన డబ్బు చితి కట్టెలకు సరిపోయింది.

దీపాళి మెల్లగా, “అయితే ఆవిడ కష్టం నిజమేనన్నమాట,” అంది.

“నిజమే,” అంది కస్తూరమ్మ. “ఆస్పత్రివాళ్ళు పోయిందని కాగితం రాసి, ముద్ర కూడా వేసిచ్చారు.”