అప్పాయమ్మ ముళ్ల మొక్క

అనగనగా, మా తాతల తాతలకి ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లో, ఒక ఊరి చివర చిత్తడి నేల. ఆ చిత్తడి పక్కన ఒక పూరిపాక. ఆ పాకలో అప్పాయమ్మ అనే ముసలమ్మ. తుంగ కోసి చాపలు అల్లుకునేది. నా అనేవాళ్లు లేరు గానీ, మొహాన నవ్వు మాత్రం ఎప్పుడూ ఉండేది.

చిత్తడి నిండా నీరుగొబ్బి మొక్కలు. ఊదారంగు పువ్వులు, కణుపు కణుపుకీ ముళ్లు. ఊడ్పులకెళ్లే ఆడవాళ్ల కాళ్లకి గుచ్చుకున్నాయి, ఊరుకున్నారు. గేదెల మూతులకి గుచ్చుకున్నాయి, ఊరుకున్నారు. ఊరి పెద్దకాపుకి చెప్పుకోలేని చోట గుచ్చుకున్నాయి. ఇంకెక్కడి ఊరుకోవడం! మొక్కలన్నీ పీకించి గట్టున పారేయించాడు.

అప్పాయమ్మ వాటిని ఏరుకుంది. "పువ్వుతో ఉన్నదాన్ని ఎండలో పడీస్తారేటి!" అని గొణుక్కుంటూ పాక చుట్టూ తడిలో నాటింది. ముళ్లు గుచ్చుకున్నాయి. నాటింది. మళ్లీ గుచ్చుకున్నాయి. మళ్లీ నాటింది.

ఆ ఏడు ఊళ్లో గుమ్మడి పాదులు విరగబూశాయి. పిందె మాత్రం నిలవలేదు. దిష్టిబొమ్మ కట్టారు, నిలవలేదు. మిరపకాయలు దిగదుడిచారు, నిలవలేదు. అమ్మవారికి కోడిని కోశారు. కోడి పోయింది గానీ పిందె నిలవలేదు. ఒక్క అప్పాయమ్మ పాక మీదే కుండలంత కాయలు!

అప్పాయమ్మ చిల్లంగి పెట్టిందన్నారు, చేతబడి చేసిందన్నారు. జనం పాక మీదికి వచ్చిపడ్డారు.

"ఏటే అప్పాయమ్మా! మా పిందిలన్నీ నీ పాదుకి లాగీసుకున్నావేటే? ఊరొగ్గీసి పో!" అని అరిచాడు పెద్దకాపు.

అప్పాయమ్మ ఈ వయసులో ఎక్కడికని పోతుంది?

"నాకు మంత్రాలేటి తెలుసు బాబూ! రేపు పొద్దున్నే వచ్చి సూడండి. అప్పుడూ పొమ్మంటే పోతాను."

పొద్దున్నే అందరూ వచ్చి కూర్చున్నారు. ఊదా పువ్వుల మీద తేనెటీగలు జుమ్మని మూగాయి. అక్కణ్ణుంచి గుమ్మడి పువ్వులో దూరి, ఒళ్లంతా పుప్పొడి పూసుకుని, ఇంకో గుమ్మడి పువ్వులో దూరాయి.

"మీ పాదులకాడ ఇవి తిరుగుతున్నాయేటి బాబూ?"

పెద్దకాపు తల గోక్కున్నాడు. ఊళ్లో తేనెటీగ మొహం చూసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

"పీకించినోడ్ని నానే, నాటీవోడ్నీ నానే. నాకో మొక్కియ్యి అత్తా," అన్నాడు.

ఆ వేళ ఊరంతా మొక్కలు నాటింది, ఊరంతా వేళ్లు చీక్కుంది. మరుసటేడు గుమ్మడికాయలు పెట్టుకోవడానికి అటకలు చాల్లేదు.

అప్పాయమ్మ పోయి ఎంతకాలమైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ ఊళ్లో గుమ్మడి గింజ పాతిన రోజే తడిచోట ఒక నీరుగొబ్బి మొక్క నాటుతారు. ముల్లు గుచ్చుకుంటే ఎవరూ తిట్టరు. వేలు నోట్లో పెట్టుకుని, నవ్వి, "అప్పాయమ్మ పలకరించింది" అంటారు.